కర్నూలు నుంచి కడపకు, బొంతల వెంట

వేసవిలో కర్నూలు పాతబస్తీలో తెల్లవారుతూనే ఏదో ఒక మిద్దె ఎక్కితే, కొండారెడ్డి బురుజు కంటే ముందు కంటబడేవి బొంతలు. ఇంట్లో ఉక్కకు నిద్రపట్టని జనం రాత్రిళ్లు మిద్దెల మీదికి చేరతారు. పొద్దున దిగేటప్పుడు పరుచుకున్న బొంతను పిట్టగోడ మీద వేసి పోతారు. ఎండ తగిలితే చెమట వాసన పోతుంది, నల్లులుంటే అవీ పోతాయి. ఒక గోడ మీద కుంకుమరంగు చీర, దాని నడుమ గళ్ల లుంగీ ముక్క, పక్కన బడిపిల్లల నీలం యూనిఫారం, ఒక మూలన ఏ పెళ్లిలోనో ఒడిబియ్యంతో పాటు వచ్చిన జాకెట్టు గుడ్డ. నలుగురూ చూడాలని ఎవరూ ఆరేయలేదు. అయినా చూడదగ్గవే.

కర్నూలు నుంచి కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి రెండు వందల కిలోమీటర్లకు కొంచెం పైనే. ఓర్వకల్లు రాళ్లు, పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు, చెన్నూరు దగ్గర పెన్న దాటితే కడప. కళలూ క్షేత్రాలూ చూడబోయేవాళ్లు ఈ దారిలో యాగంటికి మళ్లుతారు, అహోబిలం ఎక్కుతారు, ఆళ్లగడ్డలో శిల్పుల ఉలి చప్పుడు వింటూ కాసేపు నిలబడతారు. బొంత చూద్దామని ఆగినవాళ్లు తక్కువ. ఆగి అడిగినా ఇంటి జేజి చెప్పే మాట దాదాపు ఒకటే: "చూసేకి ఏముండాది నాయనా, పాతగుడ్డలు గదా!"

ఆ పాతగుడ్డలకు ఒక లెక్క ఉంది. బొంతకు ముందుగా కావలసింది బాగా ఉతికి ఉతికి మెత్తబడిన రెండు నూలు చీరలు. ఐదున్నర మీటర్ల చీరను నడిమికి కత్తిరించి, రెండు ముక్కల అంచులూ కలిపి కుడితే దాదాపు నిలువు రెండుంముప్పావు మీటర్లు, అడ్డం రెండుంబావు మీటర్లు వస్తుంది. తల్లీ తండ్రీ నడిమిన ఒక బిడ్డా పడుకోను అది చాలు. ఒక చీర కింది పొర, రెండోది పై పొర. ఆ రెంటి నడుమ పోయేదే అసలు సరుకు: చిరిగిన పంచెలు, తువ్వాళ్లు, రవికలు, పొట్టి అయిపోయిన గౌన్లు, దర్జీ అంగడి ముందు గోతంలో దొరికే కత్తిరింపు పీలికలు. ఎక్కడా గుబ్బ కట్టకుండా, ఎక్కడా పల్చబడకుండా వాటిని పరచడంలోనే పనితనమంతా ఉంది. బొందెలూ, హుక్కులూ, గుండీలూ ముందే ఊడబెరుకుతారు. నలుగురు నాలుగు మూలలు పట్టి లాగి, కదలకుండా మూలల మీద బరువులు పెట్టి, దబ్బనంలో లావు నూలుదారం ఎక్కించి కూర్చుంటారు. కుట్టు ఒక అంచు దగ్గర మొదలై చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తుంది. కొందరు చేని సాళ్లలాగా అడ్డంగా పోతారు. చేతి వేగాన్ని బట్టి, పొలం పనుల తీరుబాటును బట్టి పని వారాల తరబడి సాగుతుంది. ఎండాకాలం అందుకే మంచి అదను. కోతలై, చేలు ఖాళీగా ఉండి, మధ్యాహ్నం వసారా నీడలో నలుగురు ఆడవాళ్లు కూడటానికి వీలుండేది అప్పుడే.

కుట్టు కంటే ముందు ఇంకో పని జరుగుతుంది, దాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరు. ట్రంకుపెట్టె తెరిచి ఏ గుడ్డ బొంతలోకి, ఏది మసిగుడ్డకు, ఏది అడుక్కునేవాళ్లకు అని వేరు చేయడం. పైకి కనిపించే పొరలో తల్లి పుట్టింటి చీర వేయాలా, అత్త పెట్టిన చీర వేయాలా? మొదటి కాన్పు నాటి చీర ముక్కను మూలన పెట్టాలా, నడుమ పెట్టాలా? రాయలసీమ పల్లెల్లో ఆడదాని మాట పంచాయితీలో చెల్లని రోజుల్లో కూడా ఈ తీర్పు ఆమెదే. ఇంట్లో ఎవరి గుర్తు ఎంతకాలం నిలవాలో తేల్చేది దబ్బనం పట్టిన మనిషే. బొంతను బీదరికానికి గుర్తుగా మాత్రమే చూసేవాళ్ల కంటికి ఆనని సంగతి ఇది.

పసిబిడ్డ దగ్గర ఈ లెక్క ఇంకా గట్టిది. పుట్టిన బిడ్డకు కొత్తగుడ్డ తొడగరు. పొత్తిళ్లకు వాడేది జేజివో అమ్మమ్మవో మెత్తటి పాత చీరలే. కొత్త నూలులో గంజి ఉంటుంది, లేత ఒంటికి గరుకుగా తగులుతుంది. అది ఒక కారణం. పెద్దవాళ్లు కట్టి విడిచిన గుడ్డతో పాటు వాళ్ల ఆయుష్షు కూడా బిడ్డకు వస్తుందన్నది ఇంకో నమ్మకం. ఊయల కట్టేదీ పాత చీరతోనే. ఏడాది తిరిగేసరికి ఆ పొత్తిగుడ్డలే చిన్న బొంత అవుతాయి, ఆ బొంత మీద తర్వాతి బిడ్డ పడుకుంటుంది. పోయినవాళ్ల బట్టల విషయంలో మాత్రం చాలా ఇళ్లల్లో జంకు ఉంది. వాటిని చాకలికి ఇచ్చేస్తారు, ఇంట్లో ఉంచుకోరు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే ఊరుంది. బానిసలుగా బతికినవాళ్ల మనవలూ మునిమనవలూ ఉండే నల్లవాళ్ల పల్లె. అక్కడ 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆమె చనిపోయిన మొగుడి పొలంబట్టలన్నీ కోసి, కూతురిని తోడు కూర్చోబెట్టుకుని ఒక బొంత కుట్టింది. మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన ప్యాంటు, చెమటకు రంగు మారిన చొక్కా అందులో అలాగే కనబడతాయి. మన దగ్గర చాకలి మూటలోకి పోయే గుడ్డలే అక్కడ ఆమె ఒంటి మీదికి చేరాయి. ఆ ఊరి బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడకెక్కాయి, తర్వాత న్యూయార్క్‌కు పోయాయి, 2006లో తపాలాబిళ్లల మీద కూడా వచ్చాయి. బెంగాల్ కాంతా కథ కూడా ఇలాంటిదే. పాత చీరల పొరలే, చీర అంచుల నుంచి లాగిన రంగు దారాలే. కాకపోతే అక్కడ దారంతో చేపలూ ఏనుగులూ తామరలూ రథాలూ కుట్టారు కాబట్టి పండితుల కంట పడ్డాయి. సీమ బొంత మీద బొమ్మలు లేవు, సాళ్లే ఉన్నాయి. అందుకే అది ఇంకా పిట్టగోడ మీదే ఉంది. ఆ ఒక్క కారణం చేత దాన్ని తక్కువ చేసి చూడటం అన్యాయం.

కడప దారి పట్టే ముందు పడమటికి, ఎమ్మిగనూరు, ఆదోని వైపు ఒకసారి తిరిగి రావాలి. గుడ్డ ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా గుడ్డముక్క సంగతి తెలియదు. నల్లరేగడి నేల, చాలీచాలని వాన. నీటికి ఆగలేని పైర్లు ఇక్కడ నిలవవు, పత్తి నిలిచింది. ఆదోని పత్తి మార్కెట్టు రాష్ట్రంలో పెద్దవాటిలో ఒకటి. సీజన్‌లో ఆ యార్డు గేటు దగ్గర నిలబడితే బోరేల నుంచి జారిన దూది రోడ్డు వార తెల్లగా పరుచుకుని ఉంటుంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. పనిలేక వలసపోతున్న నేతగాళ్లను ఊళ్లో నిలబెట్టిన సంఘంగా అది పేరుపొందింది, సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పట్లు ఒక కాలంలో కోస్తా దాకా పోయాయి. దుప్పటి చినిగితే? దాని మంచి భాగాలు బొంత నడిమి పొరకు. మగ్గం మీద పుట్టింది ఏదీ ఒక్క చావుతో పోదు ఇక్కడ.

పత్తి మాట వస్తే దూదేకులవాళ్లను వదలకూడదు. కర్నూలు, కడప పల్లెల్లో ఎక్కువగా కనిపించే ముస్లింలు వీళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. వీళ్ల కులవృత్తి దూది ఏకడం. పెద్ద విల్లు లాంటి సాధనం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, గడ్డకట్టిన పరుపులూ దిండ్లూ విప్పి, దూదిని మళ్లీ పొంగేలా ఏకి నింపి పోయేవాళ్లు. వింటి నారి మోగే టంగ్ టంగ్ చప్పుడుకు పిల్లలు చుట్టూ చేరేవాళ్లు. పరుపు కొనగలిగిన ఇంటికి దూదేకుల సాయిబు, కొనలేని ఇంటికి బొంత. ఊరి ఆస్తుల పట్టిక ఇంతకంటే సూటిగా ఉండదు.

1876-78 మధ్య వచ్చిన మహా కరువును సీమ జనం ధాత కరువుగా గుర్తుపెట్టుకున్నారు. అలాంటి కరువులు తరాల తరబడి తిన్న నేల మీద గుడ్డ పీలికను పారేయడం చేతకాదు. ఇంట్లో గుడ్డముక్కల మూట లేని అవ్వ ఉండదు. ఆ మూట విప్పి చూపించమంటే సిగ్గుపడుతుంది గానీ, కోడలు దాన్ని పారేయబోతే ఊరుకోదు.

ఆదోని నుంచి పత్తికొండ, తుగ్గలి మీదుగా తూర్పుకు తిరిగితే నేల రంగు మారుతూ పోతుంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి వంగి నేలను వెతుకుతుంటారు, వజ్రాల కోసం. ఆ దగ్గర్లోనే ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. ఇరవైరెండు శతాబ్దాల కిందట ఈ బండల పక్కన నడిచిన బౌద్ధ భిక్షువులు ఒంటికి చుట్టుకున్నది కూడా అతుకుల గుడ్డే. పారేసిన పీలికలను ఏరి కుట్టుకోవాలన్నది వాళ్ల నియమాల్లో ఒకటి. మగధలో గట్లు వేసిన వరిమళ్లను చూపించి, చీవరాన్ని ఆ తీరులో కుట్టమని బుద్ధుడు ఆనందుడికి చెప్పాడని వినయపిటకం చెబుతుంది. ఎర్రగుడి గుట్ట ఎక్కి కిందికి చూస్తే మాత్రం వరిమళ్లు కనిపించవు. వేరుశెనగ, కంది, దూరంగా సుగాలి తాండాలు.

లంబాడీలను ఈ జిల్లాల్లో సుగాలీలు అంటారు. గుడ్డముక్కను కళగా మార్చిన వాళ్లెవరంటే సీమలో ముందు చెప్పవలసింది వీళ్లనే. ఫెటియా అనే గేరు లంగా, వీపు వైపు తాళ్లతో కట్టుకునే కాంచళి రవిక, తలమీదుగా దిగే ఓఢ్నీ. వాటి మీద అద్దాలు, గవ్వలు, పాత నాణేలు, పూసలు, ఉన్ని గుచ్ఛాలు. చూపు ముందు అద్దాల మీద పడుతుంది. కొంచెం ఆగి దగ్గరికి పోతే అసలు సంగతి తెలుస్తుంది: అడుగున ఉన్నది ఒకే గుడ్డ కాదు. ఎరుపు, పసుపు, నీలం చదరాలు, త్రికోణాలు, పట్టీలు, ఒకదాని పక్కన ఒకటి, కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి అతికించి కుట్టినవి. నీళ్లబిందె కింద పెట్టుకునే చుట్టకుదురుకు కూడా వెనక వేలాడేలా గవ్వల అంచు గుడ్డ ఉంటుంది. పోకచెక్కలు, డబ్బులు దాచుకునే చిన్న సంచీలు పొరలు పొరలుగా కుట్టి గట్టిగా ఉంటాయి, చేతికి అట్టలా తగులుతాయి. కుట్లకు పేర్లున్నాయి: కిలన్, వేలే, మాకీ, నక్రా, పోటే, రేలో. గీసుకుని కుట్టరు. పోగులు లెక్కపెట్టుకుంటూ పోతారు, కాబట్టి ముక్కోణం ముక్కోణంగానే వస్తుంది.

ఇంత పని ఒంటిమీద ఎందుకు మోశారు? ఇల్లు లేదు కాబట్టి. సుగాలీల పూర్వీకులు ఎద్దుల మందల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కనంతా తిరిగిన వర్తకులు. మొగలుల దండ్లకూ, 1799లో టిప్పు మీదికి పోయిన ఇంగ్లీషు దండుకూ తిండిగింజలు మోసింది ఇలాంటి బంజారాలే. గోడలు లేని మనిషికి అలంకరించుకోను మిగిలేవి ఒళ్లూ, ఎద్దూ. అందుకే ఎద్దు కొమ్ములకూ, నొసటికీ, మూపురానికీ కూడా గవ్వల గుడ్డలు కుట్టారు. 1871లో మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా వచ్చిన రైలుదారి రాయచూరు చేరింది. మంద చేసే పనిని రైలు చేసింది. అదే ఏడు ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 నుంచి అది మద్రాసు రాజధానిలోనూ అమలైంది, 1947లో అక్కడ రద్దయ్యే దాకా సంచార జాతుల మీద పోలీసు కాపలా తప్పలేదు. బతుకుతెరువు పోయి, తిరగనివ్వక, గుట్టల పక్కన తాండాలుగా కుదురుకున్న జనం దగ్గర మిగిలింది సూది. గుత్తి పక్కన సేవాగఢ్‌కు ఏటా ఫిబ్రవరిలో సేవాలాల్ జయంతికి పోతే, ఆ మిగిలినదంతా ఒకేచోట కనిపిస్తుంది. 1739లో సేవాలాల్ పుట్టింది ఆ ప్రాంతంలోనేనని బంజారాల విశ్వాసం, దేశం నలుమూలల నుంచీ వస్తారు.

మామూలు రోజుల్లో తాండాకు పోతే వయసు మళ్లిన ఏ ఒకరిద్దరి ఒంటిమీదో తప్ప ఫెటియా కనిపించదు. కోడళ్లు చీరలోనో నైటీలోనో ఉంటారు. బరువైన లంగా, చేతులనిండా గాజులు పెట్టుకుని కంది చేలో పనిచేయడం ఎంత యాతనో కట్టినవాళ్లకు తెలుసు. వద్దన్నవాళ్లను తప్పుపట్టడానికి చూడవచ్చిన పట్నంవాళ్లకు హక్కు లేదు. పాత ఫెటియాలు మాత్రం పెట్టెల్లోంచి బయటికొస్తున్నాయి. తాండాలకు వచ్చే బేరగాళ్లు వాటిని కొని ముక్కలు చేయిస్తారు. ఆ ముక్కలు గోవాలోని అంజునా సంతలో, హంపి అంగళ్లలో భుజం సంచులై, దిండు గలీబులై వేలాడతాయి. ఒక అవ్వ పెళ్లినాటి లంగా ఏడెనిమిది సంచుల మీద తేలుతుంది. ఇదీ ముక్కలను కలిపే పనే గానీ, ఎవరి ముక్కలో తెలియని పని. చార్లట్ క్వాన్, టిమ్ మెక్లాఫ్లిన్ రాసిన బంజారా వస్త్రాల పుస్తకం 2016లో వచ్చింది. దక్కను పాత పనితనం ఎంత సూక్ష్మమో చూడాలనుకునేవాళ్లు దాన్ని తిరగేయవచ్చు.

ఆదోని దాటి బళ్లారి మీదుగా పోతే సండూరు ఎంతో దూరం కాదు. అక్కడి లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. సండూరు కుశల కళా కేంద్రం ఆడవాళ్లకు పనీ, ఆ పనికి సంతా చూపించింది. 2023 జూలైలో హంపిలో జీ-20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు ఆ కేంద్రంతో కలిసి పనిచేసే 450 మందికి పైగా ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులను ఒకేచోట ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. పారేసే చిన్న గుడ్డముక్కలను కలిపి కొత్త గుడ్డ చేయడమే ఈ కళ ప్రాణమని కేంద్ర ప్రభుత్వ ప్రకటన కూడా చెప్పుకుంది. తమిళనాడులో ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలో పోర్గై అనే లంబాడీ ఆడవాళ్ల సంఘం మరచిపోయిన కుట్లను ముసలివాళ్ల దగ్గర మళ్లీ నేర్చుకుని అంగడి పెట్టింది. పత్తికొండ తాండా అవ్వ మాకీ కుట్టు వేసినా, సండూరు అవ్వ వేసినా సూది పోయే దారి ఒకటే. భౌగోళిక గుర్తింపు మాత్రం నమోదైన ప్రాంతం దగ్గర ఆగిపోతుంది, చట్టం తీరే అంత. కర్నూలు వైపు కూడా ఎవరో ఒకరు పూనుకోవలసిన పని ఇది.

మళ్లీ 40వ నంబరు రోడ్డు మీదికి. నంద్యాల 2022లో వేరే జిల్లా కేంద్రం అయింది. వందేళ్ల పైబడిన వ్యవసాయ పరిశోధన స్థానం ఆ ఊళ్లో ఉంది, ఎన్నో పత్తి రకాలకు అది పుట్టిల్లు. కేసీ కాలువ నీళ్లు పారే ఈ తావులో పొలాలు పచ్చగా ఉంటాయి, వీధులు మెట్ట పల్లెల కంటే కలిగినవిగా కనిపిస్తాయి. సంక్రాంతి నెలలో ఈ వీధుల్లో తిరిగితే, నడిచే బొంత ఒకటి ఎదురవుతుంది. గంగిరెద్దు.

గంగిరెద్దు వీపు మీద గుడ్డ అంగట్లో కొన్నది కాదు. ఊరూరా ఇళ్లముందు సన్నాయి ఊది, డోలు కొట్టి, ఎద్దుతో దండం పెట్టిస్తే ఇల్లాలు బియ్యంతో పాటు ఒక పాత చీరో పంచో ఎద్దు మీద కప్పుతుంది. ఆ చీరలనే గంగిరెద్దులవాళ్లు కోసి, రంగుల పట్టీలుగా, చదరాలుగా అతికించి, అంచులకు కుచ్చులూ గవ్వలూ కుట్టి ఎద్దుకు సింగారం చేస్తారు. ఏడాది తిరిగి అదే వీధికి వస్తే, నిరుడు తను ఇచ్చిన పసుపుపచ్చ చీర కొంగును ఎద్దు మూపురం మీద గుర్తుపట్టే ఇల్లాలు ఉంటుంది. దానం ఇచ్చిన గుడ్డ మళ్లీ గడప ముందుకొచ్చి కనిపించడం వేరే భిక్షల్లో అరుదు. బుడబుక్కలవాడిదీ ఇలాంటి బాణీయే. చీకటితో ఢమరుకం ఆడించుకుంటూ వచ్చి జోస్యం చెప్పి, బియ్యం కంటే ముందు పాతబట్టలే అడుగుతాడు. కోటు మీద కోటు, శాలువా మీద శాలువా, ఊరి గుడ్డలన్నీ ఒంటిమీదే ఉంటాయి. జానపద కళను పుస్తకాల్లో వెతికేవాళ్లు అతని భుజాల వైపు ఒకసారి చూడాలి.

మైదుకూరు దగ్గర బస్సు ఆగినప్పుడు ఎవరో దోసకాయలు అమ్ముతారు. అక్కణ్ణించి కడప దాకా చెప్పుకోదగ్గది ఎండే.

కడప ఎండలో గుడ్డ సంగతి తేటతెల్లమవుతుంది. మే నెలలో 43, 44 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. నూలుపోగు తన బరువులో ఏడెనిమిది శాతం తేమను మామూలు గాలిలోనే పట్టి ఉంచుతుంది. పాలిస్టరు పట్టేది అర శాతం కూడా కాదు. చెమటను నూలు బొంత తాగుతుంది, పాలిస్టరు బొంత ఒంటికే అంటిపెడుతుంది. 1980ల నుంచి సీమ ఇళ్లల్లో రోజువారీ చీర పాలిస్టరే. వెల తక్కువ, ఉతకడం తేలిక, రంగు పోదు. కూలికి పోయే మనిషికి ఇంతకంటే మంచి చీర దొరకదు. చిక్కు బొంత దగ్గర వచ్చింది. పాలిస్టరు పాతబడినా మెత్తబడదు. పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. కోసిన అంచు పోగులు ఊడిపోతుంది. బొంత కుట్టేవాళ్లు తగ్గిపోవడానికి ఓపిక లేకపోవడం, ఫోములు రావడం, చవక దుప్పట్లు రావడం అని అందరూ కారణాలు చెబుతారు. అన్నిటికంటే ముందుది ఇది: బొంతకు పనికొచ్చే పాత చీర ఇంట్లో పుట్టడం మానేసింది.

కడప నుంచి తిరుపతి దారిలో, ఒంటిమిట్టకు ముందు మాధవరం. కుంచె పట్టి పడుగుకు గంజి పెట్టే వీధులు, లోపలి మగ్గాల చప్పుడు. నూలు చీరా పట్టుచీరా రెండూ నేస్తారు. మాధవరం చీరలకు బయటి ఊళ్లలో పేరుంది. నేసిన చీర కట్ట కట్టి బయటికి పోతుంది. నేత ఇళ్ల ముందు దండెం మీద ఆరేసినవి చూస్తే వాటిలో పాలిస్టరు చీరలు తక్కువేమీ ఉండవు. నేసే ఇంటికే నేసిన చీర అందని లెక్క ఇది. ఇంకో పాతికేళ్లకు బొంత నడుమ ఏముంటుందో ఈ దండేలే చెబుతాయి.

మొక్కుబడి గుడ్డల సంగతి వేరు. కడప జిల్లా పల్లెల్లో పీర్ల పండగకు పీర్లకు దట్టీలు కడతారు. పట్టు, సాటిను, జరీ పట్టీ, ఒక్కొక్కటి ఒక్కో మొక్కు. బిడ్డ పుడితే ఒకటి, జబ్బు నయమైతే ఒకటి. కట్టేవాళ్లలో హిందువులూ ఉంటారు. ఉగాది రోజు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వచ్చే ఊరు ఇది, కాబట్టి ఎవరికీ వింతగా తోచదు. చావిడిలో నిలబెట్టిన పంజా కనిపించనంతగా దట్టీలు కప్పేస్తాయి. గుత్తులు గుత్తులుగా, రంగు మీద రంగు. అక్కడ సూదీ దారమూ లేవు, ముడులే. అయినా ఊరంతా కలిసి కుట్టిన గుడ్డలాగే ఉంటుంది.

మళ్లీ బొంత దగ్గరికి వస్తే, ఉత్తర కర్ణాటకలో సీమ బొంత లాంటిదాన్ని కౌది అంటారు. యల్లాపురం, హళియాళ అడవి పల్లెల్లో ఉండే సిద్దీలు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి, కవంద్ అనే తమ బొంతలను ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ కుడుతూ నడిమికి వస్తారు. చివర్న నాలుగు మూలలకూ ముక్కోణంగా మడిచిన గుడ్డపూలు పెడతారు. పూలు లేని కవంద్ బట్ట లేని మనిషి లాంటిదని వాళ్ల లెక్క. వాళ్లకు సహకార సంఘం ఉంది, కవందులు అమెరికా దాకా పోయాయి. సీమ బొంత కూడా అట్లా పోవాలా అంటే, తొందరపడి ఔననడం కష్టం. అమ్ముడుపోయే బొంతకు కొత్త గుడ్డ కావాలి, రంగుల పొందిక కావాలి, ఒకే కొలత కావాలి. ఎవరి చీరో తెలియని బొంత కొనేవాళ్లకు అందంగానే ఉంటుంది. కుట్టినవాళ్లకు కూలి గిట్టుబాటైతే అదీ చెడ్డపని కాదు. కాకపోతే అది ఇంకో వస్తువు.

ఈ రెంటికీ నడుమ ఒక దారి చిన్నగా పడుతోంది. ఇంటి చీరలు తెచ్చిస్తే కూలికి బొంత కుట్టిపెట్టే ఆడవాళ్లు ఊళ్లలో ఉన్నారు, కొందరు చేత్తో, ఎక్కువమంది కుట్టుమిషన్ మీద. వేరే ఊళ్లో ఉన్న కూతురి పురిటికి చిన్న బొంతలు కుట్టించుకుపోయేవాళ్లున్నారు. కుట్టేవాళ్ల షరతులు మాత్రం గట్టివి. ఒంటికి తగిలే పొరకు నూలు చీర తప్పనిసరి, పాలిస్టరు ఉంటే నేలకు తగిలే వైపే. కొత్తగుడ్డ తెస్తే తిప్పి పంపుతారు. అది ఉతికాక ముడుచుకుంటుంది, చుట్టూ ఉన్న పాత ముక్కలను కూడా లాగేస్తుంది, బొంత బుడిపెలు కడుతుంది. పట్టుచీర తెస్తే జరీ అంచు ముందే కోసి పక్కన పెట్టాలి, పడుకుంటే గీసుకుంటుంది. ఆ అంచును పారేయనక్కర లేదు. వీధిలో ఆటోకు మైకు కట్టుకుని పాత పట్టుచీరలు కొంటామని తిరిగేవాడు దానికి ఎంతో కొంత ఇస్తాడు, బొంత కూలిలో కొంతైనా దాంతో తీరుతుంది.